సోషల్ మీడియాలో మాటకు హద్దు గీయాల్సింది ఎవరు?

క్లుప్తంగా: ఒక పోస్టు చట్టవిరుద్ధమో కాదో తేల్చడం, దాన్ని తీయించడం, అది ఎంతమందికి చేరాలో నిర్ణయించడం మూడు వేర్వేరు పనులు. మన దేశంలో మొదటి రెండూ చాలావరకు ప్రభుత్వ అధికారుల చేతుల్లో ఉన్నాయి. మూడోది కంపెనీల చేతిలో, బయటివాళ్ల తనిఖీ దాదాపు లేకుండా ఉంది. రాష్ట్రాలకు ముఖ్యంగా మిగిలింది పోలీసు కేసు. ఈ ఏర్పాటు ఎలా వచ్చింది, ఎక్కడ దారి తప్పుతోంది, మిగతా దేశాలు ఏం చేస్తున్నాయి అన్నది ఈ వ్యాసం చర్చిస్తుంది.

2025 సెప్టెంబర్‌లో రెండు వారాల తేడాతో పక్కపక్క రాష్ట్రాల హైకోర్టులు సోషల్ మీడియా మీద రెండు తీర్పులు ఇచ్చాయి. ముఖ్యమంత్రినీ అధికార పార్టీనీ విమర్శిస్తూ ఎక్స్ (పాత ట్విట్టర్)లో పెట్టిన పోస్టులపై నమోదైన మూడు ఎఫ్‌ఐఆర్‌లను 10వ తేదీన తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఫిర్యాదు రాగానే యాంత్రికంగా కేసు కట్టొద్దని పోలీసులకు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. పోస్టులు తీయాలంటూ కంపెనీలకు నోటీసులు పంపడానికి కేంద్రం నడిపే సహయోగ్ పోర్టల్‌ను సవాలు చేస్తూ ఎక్స్ కంపెనీ వేసిన పిటిషన్‌ను 24వ తేదీన కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. సోషల్ మీడియాను అదుపు లేకుండా వదిలేయడం కుదరదంది.

పైపైన చదివితే ఒక కోర్టు పగ్గాలు వదలమన్నట్టు, ఇంకో కోర్టు బిగించమన్నట్టు ఉంటుంది. ఎవరికి నచ్చిన తీర్పును వాళ్లు షేర్ చేసుకున్నారు కూడా. నిజానికి ఆ రెండు కోర్టుల ముందున్న ప్రశ్నలు ఒకటి కావు. హైదరాబాద్‌లో విచారణకు వచ్చింది మాట్లాడిన మనిషి సంగతి. బెంగళూరులో వచ్చింది ఆ మాటను మోసే కంపెనీ సంగతి. ఇక 2026 ఫిబ్రవరిలో కేంద్రం ఐటీ నిబంధనలను మార్చి, ఆదేశం అందాక పోస్టు తీసేయడానికి ఉన్న 36 గంటల గడువును 3 గంటలకు కుదించింది. అది మూడో సంగతి. ఎంత త్వరగా, ఎవరి మాట మీద తీయాలన్నది. ఈ మూడింటినీ కలిపేసి ‘సోషల్ మీడియాను ఎవరు కంట్రోల్ చేయాలి’ అని ఒకే ప్రశ్నగా అడగడం వల్లే చర్చ ఎప్పుడూ మొదలైన చోటుకే వస్తోంది.

మాట వేరు, టముకు వేరు

ఊళ్లో రచ్చబండ దగ్గర ఒకరన్న మాట అక్కడ కూర్చున్న పది మంది చెవిన పడి ఆగేది. ఊరంతటికీ తెలియాలంటే టముకు వేయించాలి. వేయించినవాడు ఎవరో అందరికీ తెలుసు కాబట్టి తప్పుడు చాటింపు అయితే అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. పత్రికలు వచ్చాక కూడా ఈ పద్ధతి మారలేదు. ప్రతి కాపీ మీదా ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు ఉండాలని 1867 నాటి బ్రిటిష్ చట్టమే చెప్పింది. మాట, టముకు రెండింటికీ ఒకే గడపలో జవాబుదారీ దొరికేది. సినిమాకు ఇంకో పద్ధతి: 1952 చట్టం ప్రకారం బోర్డు ముందే చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. క్షణానికి వేల వీడియోలు ఎక్కే చోట ఆ పద్ధతి ఊహకే అందదు కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు.

సోషల్ మీడియా ఈ రెండింటినీ విడదీసింది. మాట యూజర్‌ది. టముకు కంపెనీది. ‘రాసింది మేం కాదు’ అని కంపెనీ అంటుంది, నిజమే. ‘నా పోస్టు లక్ష మందికి వెళ్తుందని నేననుకోలేదు’ అని యూజర్ అంటాడు, అదీ నిజమే. ఏ పోస్టు ఎవరి ఫీడ్‌లో పైకి రావాలో తేల్చేది కంపెనీ అల్గారిథమ్. జనం ఎక్కువసేపు ఆగి చూసేది, కోపంతో కామెంట్ పెట్టేది, పదిమందికి పంపేది దానికి ముఖ్యం. ఎందుకంటే ప్రకటనల ఆదాయం ఆ సమయం మీదే ఆధారపడి ఉంది. అంటే టముకు కొట్టే చెయ్యి నిష్పక్షపాతంగా లేదు. దానికంటూ ఒక లెక్క ఉంది. చట్టాలు మాత్రం చాలా దేశాల్లో ఇంకా మాట వెంటే పరిగెడుతున్నాయి.

రెండు తలుపులు

మన దగ్గర దీనికంతటికీ ఆధారం 2000 నాటి ఐటీ చట్టం, దానికి 2008లో వచ్చిన సవరణ. ఇందులో రెండు సెక్షన్లు అర్థమైతే మిగతా గొడవంతా అర్థమవుతుంది.

మొదటిది 69ఏ. దేశ సార్వభౌమత్వం, రక్షణ, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు లాంటి కారణాల మీద ఏ పోస్టునైనా, ఖాతానైనా జనానికి కనబడకుండా చేయమని కేంద్రం ఆదేశించవచ్చు. పాటించకపోతే కంపెనీ బాధ్యులకు ఏడేళ్ల వరకు జైలు. 2009 నిబంధనల ప్రకారం దీనికో కమిటీ ఉంది, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, పైన ఇంకో సమీక్షా కమిటీ ఉంది. చూడ్డానికి పకడ్బందీగానే ఉంటుంది. అయితే రెండు కమిటీల్లోనూ ఉండేది ప్రభుత్వ అధికారులే, న్యాయమూర్తి ఎక్కడా లేరు. పైగా 16వ నిబంధన కింద అంతా గోప్యం. 2021లో రైతు ఉద్యమం సమయంలో 250కి పైగా ట్విట్టర్ ఖాతాలను బ్లాక్ చేయమని కేంద్రం అడిగినప్పుడు దేశమంతా ఈ సెక్షన్ పేరు విన్నది. ఆ తర్వాత కొన్ని ఆదేశాలపై కంపెనీ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. 2023 జూన్ 30న పిటిషన్ కొట్టివేయడమే కాక, కోర్టు 50 లక్షల రూపాయల ఖర్చులు కూడా విధించింది.

రెండోది 79. యూజర్ పెట్టినదానికి వేదిక బాధ్యత వహించనక్కర్లేదని ఈ సెక్షన్ చెబుతుంది. దీన్నే సేఫ్ హార్బర్ అంటారు. కానీ ఓ షరతు ఉంది. చట్టవిరుద్ధమైన పోస్టు ఉందని తెలిశాక కూడా తీయకపోతే ఆ రక్షణ పోతుంది. ‘తెలియడం’ అంటే ఏమిటి? ఎవరో ఒకరు మెయిల్ పెడితే తెలిసినట్టేనా? దీనికి 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో జవాబు చెప్పింది. కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం అది. కోర్టు ఆదేశమో, ప్రభుత్వ నోటిఫికేషనో వస్తేనే తెలిసినట్టు లెక్క అని, అదీ భావప్రకటన మీద ఆంక్షలకు వీలిచ్చే రాజ్యాంగం 19(2)లో ఉన్న కారణాలకే పరిమితం కావాలని చెప్పింది.

ఆ తీర్పు ఎక్కువమందికి గుర్తున్నది మాత్రం 66ఏ సెక్షన్‌ను కొట్టేసినందుకు. ‘చికాకు’, ‘అసౌకర్యం’ కలిగించే మెసేజ్ పంపినా మూడేళ్ల జైలు అన్న సెక్షన్ అది. 2012లో ముంబై బంద్‌పై ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టినందుకు ఒకమ్మాయిని, దాన్ని లైక్ చేసినందుకు మరో అమ్మాయిని అరెస్టు చేసింది దీని కిందే. విచిత్రమేమిటంటే కొట్టేసిన సెక్షన్ కింద ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి స్టేషన్లలో కేసులు పడుతూనే వచ్చాయి. 2021లో ఈ సంగతి విని సుప్రీంకోర్టు విస్తుపోయింది. 2022 అక్టోబర్‌లో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. ఢిల్లీలో తీర్పు వచ్చినంత మాత్రాన ఎస్సై బల్ల మీద ఉన్న పాత సెక్షన్ల చార్టు దానంతటది మారదు.

2015 తీర్పులో ‘కోర్టు ఆదేశం లేదా ప్రభుత్వ నోటిఫికేషన్’ అన్న ఆ ‘లేదా’ దగ్గరే ఇప్పటి వివాదం ఉంది. 2024 అక్టోబర్‌లో కేంద్ర హోం శాఖ కింద సహయోగ్ పోర్టల్ వచ్చింది. కేంద్ర సంస్థలు, రాష్ట్రాల పోలీసులు దీని ద్వారా 79 సెక్షన్ కింద కంపెనీలకు నోటీసులు పంపవచ్చు. 69ఏ తలుపుకు కమిటీ, రాతపూర్వక కారణాలు, సమీక్ష అనే తాళాలు ఉన్నాయి. 79 తలుపుకు అవేవీ లేవు. ఎక్స్ వాదన అదే. కర్ణాటక హైకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. భావప్రకటనా స్వేచ్ఛ పౌరుల హక్కు, విదేశీ కంపెనీ దాన్ని అడగలేదంది. 2015 తీర్పు పాత నిబంధనల మీద వచ్చిందని, 2021లో వచ్చిన కొత్త ఐటీ నిబంధనలకు దాన్ని యథాతథంగా వర్తింపజేయలేమని చెప్పింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది.

అయితే కేసు గెలిచిన నెల రోజుల్లోనే కేంద్రం తన నిబంధనలను తానే బిగించుకోవడం గమనించాల్సిన విషయం. 2025 నవంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఇలాంటి నోటీసు ఇవ్వాలంటే సాధారణంగా జాయింట్ సెక్రటరీ స్థాయి, పోలీసు శాఖలో అయితే డీఐజీ స్థాయి అధికారి ఉండాలి. ఏ చట్టం కింద, ఏ లింకు అన్నది స్పష్టంగా రాయాలి. కార్యదర్శి స్థాయి అధికారి నెలకోసారి వీటిని సమీక్షించాలి. అంతకుముందు కింది స్థాయి నుంచీ నోటీసులు వెళ్తున్నాయన్న విమర్శకు ఇది పరోక్షంగా ఒప్పుకోలే. అయినా సమీక్షించేది మళ్లీ ప్రభుత్వమే.

తీసేస్తే ఏం కాదు, తీయకపోతే జైలు

చట్టం ఎలా ఉందన్నదాని కంటే అది కంపెనీ లీగల్ టీమ్‌లో కూర్చున్న ఉద్యోగికి ఏ లెక్క నేర్పుతోంది అన్నది ముఖ్యం. నోటీసు వచ్చింది. పోస్టు తీయకపోతే సేఫ్ హార్బర్ పోవచ్చు. 2021 నిబంధనల ప్రకారం 50 లక్షలకు మించి యూజర్లున్న ప్రతి వేదికా దేశంలో నియమించాల్సిన చీఫ్ కంప్లయన్స్ ఆఫీసర్ మీద కేసు కూడా పడొచ్చు. తీసేస్తే? ఏమీ కాదు. అన్యాయంగా తీసేసిన పోస్టుకు కంపెనీ జరిమానా కట్టాలన్న నిబంధన ఎక్కడా లేదు. ఇలాంటి లెక్కలో అనుమానం వచ్చిన ప్రతిదీ తీసేయడమే తెలివైన పని అవుతుంది. గడువు 36 గంటల నుంచి 3 గంటలకు తగ్గితే ఆలోచించే సమయం కూడా పోతుంది. తెలుగు వ్యంగ్య పోస్టు అర్థం కావడానికి తెలుగు తెలిసిన లాయరు అర్ధరాత్రి అందుబాటులో ఉండాలి కదా.

దీనికి ఎదురుగా బలమైన వాదన ఒకటుంది, కొట్టిపారేయడానికి లేదు. 2023 నవంబర్‌లో నటి రష్మిక మందన్న ముఖాన్ని అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. నిందితుణ్ణి ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌లో పట్టుకునేసరికి 2024 జనవరి వచ్చింది. పేరున్న నటి విషయంలోనే ఇంత సమయం పడితే మామూలు ఆడపిల్ల సంగతి ఏమిటి? ఇలాంటి చోట 3 గంటలు కూడా ఎక్కువే. బాధితురాలు నేరుగా ఫిర్యాదు చేస్తే 2 గంటల్లో తీయాలని 2026 సవరణ చెప్పింది కూడా. కోర్టుకు వెళ్లి ఆర్డర్ తెచ్చుకోమనడం క్రూరం అవుతుంది.

చిక్కు ఏమిటంటే, ఆ అమ్మాయి ఫొటోకు పనికొచ్చే గంటల గడియారాన్ని మంత్రిగారి మీద వేసిన కార్టూన్‌కూ పెట్టడం. మొదటిదానిలో హాని కంటికి కనబడుతుంది, వాదించాల్సిందేమీ లేదు. రెండోదానిలో అది పరువునష్టమా, విమర్శా అన్నదే వాదన. త్వరగా తీయాల్సినవాటితో పాటు తేల్చి తీయాల్సినవాటికి కూడా గంటల గడువే పెడితే లాభపడేది రెండో రకం ఫిర్యాదుదారే.

ఫిర్యాదీయే తీర్పరి అయితే

ప్రభుత్వానికి సంబంధించిన వార్తల్లో ఏది అబద్ధమో ప్రభుత్వ విభాగమే గుర్తించేలా 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఫ్యాక్ట్ చెక్ యూనిట్ నిబంధన తెచ్చింది. స్టాండప్ కమెడియన్ కునాల్ కామ్రా తదితరులు బాంబే హైకోర్టుకు వెళ్లారు. 2024 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులు చెరో వైపు తీర్పిచ్చారు. మార్చి 20న కేంద్రం తన సమాచార విభాగం పీఐబీలోని యూనిట్‌ను నోటిఫై చేస్తే, మర్నాడే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. సెప్టెంబర్‌లో మూడో న్యాయమూర్తి జస్టిస్ చందూర్కర్ ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమన్నారు. అబద్ధం చెప్పడం ఒక్కటే నేరంగా 19(2)లో ఎక్కడా లేదు. అక్కడున్న ఎనిమిది కారణాల్లో దేనికో ఒకదానికి అది ముడిపడాలి. తన గురించి ఎవరో అన్న మాట నిజమో కాదో తనే తేల్చుకునే పెద్దమనిషి పంచాయితీని ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. ఇదీ అలాంటిదే.

కోర్టులకే అప్పగిస్తే ఈ చిక్కు తీరుతుందా అంటే పూర్తిగా కాదు. న్యాయమూర్తులను కించపరుస్తూ వచ్చిన పోస్టులపై దర్యాప్తు సరిగా సాగడం లేదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2020 అక్టోబర్‌లో కేసును సీఐడీ నుంచి సీబీఐకి మార్చింది. ఆ పోస్టుల్లో కొన్ని నిజంగానే జుగుప్స కలిగించేవి. అయినా అక్కడ బాధితులూ, ఆదేశమిచ్చిన సంస్థా ఒకే గూటివి. బ్రెజిల్‌లో ఇది ఇంకా ముదిరింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి అలెగ్జాండర్ డి మొరైస్ ఆదేశంతో 2024 ఆగస్టు 30 నుంచి అక్టోబర్ 8 వరకు దేశం మొత్తం మీద ఎక్స్ మూతపడింది. దర్యాప్తు చేయించేదీ, ఆదేశాలిచ్చేదీ ఒకే న్యాయమూర్తి కావడమేమిటన్న విమర్శ అక్కడ ఇంకా చల్లారలేదు.

రాష్ట్రాల చేతిలో ఉన్నది లాఠీయే

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో టెలిఫోన్లు, ప్రసారాలు, అలాంటి ఇతర సమాచార సాధనాలు కేంద్ర జాబితాలో 31వ అంశం. పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అంటే ఫేస్‌బుక్ అల్గారిథమ్ ఎలా ఉండాలో హైదరాబాదో, అమరావతో చట్టం చేయడం కష్టం. ఫేస్‌బుక్‌లో రాసిన మనిషిని స్టేషన్‌కు పిలవడం మాత్రం చాలా తేలిక. తెలుగు రాష్ట్రాల్లో సోషల్ మీడియా నియంత్రణ అంటే అరెస్టులుగా కనబడటానికి రాజకీయ కక్షలతో పాటు ఈ అధికారాల పంపకం కూడా కారణం.

ఆంధ్రప్రదేశ్‌లో 2019–24 మధ్య వైసీపీ ప్రభుత్వంలో టీడీపీ మద్దతుదారులపై కేసులు పడ్డాయి. ప్రభుత్వం మారాక 2024 నవంబర్‌లో వైసీపీ సోషల్ మీడియా కార్యకర్తల అరెస్టులు వరుసకట్టాయి. కండువా మారింది, సెక్షన్లు మారలేదు. తెలంగాణలోనూ 2025 మార్చిలో ముఖ్యమంత్రిపై దూషణలున్న వీడియో కేసులో ఇద్దరు మహిళా జర్నలిస్టుల అరెస్టు పెద్ద చర్చకు దారితీసింది. ఈ కేసుల్లో చివరికి ఎంతమందికి శిక్ష పడుతుందన్నది ఎవరూ పట్టించుకోరు. తెల్లవారుజామున తలుపు తట్టడం, ఫోన్ స్వాధీనం, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లా స్టేషన్‌కు తిప్పడం, బెయిల్ టెన్షన్... శిక్ష అక్కడే అయిపోతుంది.

తెలంగాణ హైకోర్టు మార్గదర్శకాలు సరిగ్గా ఈ దశను పట్టుకున్నాయి. జస్టిస్ ఎన్. తుకారాంజీ ఇచ్చిన ఆ తీర్పు ప్రకారం పరువునష్టం ఫిర్యాదు అయితే ఇచ్చినవాడు నిజంగా బాధితుడేనా అని ముందు చూడాలి. నాయకుణ్ణి తిట్టారని కార్యకర్త కేసు పెడతానంటే కుదరదు. పరువునష్టంపై పోలీసులు నేరుగా కేసు కట్టలేరు కాబట్టి మేజిస్ట్రేట్ దగ్గరకు పంపాలి. ప్రాథమిక విచారణ జరపాలి. సున్నితమైన కేసుల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ అభిప్రాయం తీసుకోవాలి. ఘాటైన రాజకీయ విమర్శ నేరం కాదు. అదే ఏడాది మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. మూడు నుంచి ఏడేళ్ల శిక్ష పడే మాటల నేరాల్లో కొత్త నేర విచారణ చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) ప్రకారం ముందు 14 రోజుల ప్రాథమిక విచారణ జరపడం సముచితమంది.

రాష్ట్రాలు సొంతంగా చట్టం చేయబోయి వెనక్కి తగ్గిన అనుభవమూ ఉంది. 2020 నవంబర్‌లో కేరళ ప్రభుత్వం కించపరిచే పోస్టులకు శిక్ష వేసేలా పోలీసు చట్టంలో 118ఏ పేరుతో ఆర్డినెన్స్ తెచ్చి, విమర్శల దెబ్బకు వారం తిరగకముందే ఉపసంహరించుకుంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు నిషేధించింది. అలాంటి చట్టాన్ని పరిశీలిస్తున్నామని మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో చెప్పారు. ఆలోచన మంచిదా కాదా అన్నది వేరే చర్చ. 31వ అంశం మాత్రం దారిలో అడ్డంగా కూర్చుని ఉంది.

కంపెనీలకే వదిలేస్తే

2025 జనవరి 7న ఫేస్‌బుక్‌ను నడిపే మెటా కంపెనీ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ ఒక వీడియో పెట్టారు. అమెరికాలో ఫ్యాక్ట్ చెకర్లతో ఒప్పందాలు ముగిస్తున్నామని, వలసలు, జెండర్ లాంటి అంశాలపై ఆంక్షలు సడలిస్తున్నామని అందులో చెప్పారు. 300 కోట్లకు పైగా జనం వాడే వేదికలో ఏది అనొచ్చో, ఏది అనకూడదో ఒక్క వీడియోతో మారిపోయింది. ఏ పార్లమెంటూ చర్చించలేదు. 2020 నుంచి పనిచేస్తున్న ఓవర్‌సైట్ బోర్డు కంపెనీకి సొంత కోర్టులాంటిదని చెప్పుకుంటారు. 2021లో ట్రంప్ ఖాతా కేసులో గడువు లేని నిషేధం తప్పని కంపెనీని అది తప్పుపట్టిన మాట నిజమే. కానీ దాని తీర్పు ఆ ఒక్క పోస్టుకే కట్టుబాటు. విధానాల మీద అది ఇచ్చేది సలహా మాత్రమే.

భాష విషయంలో ఈ లోపం మరీ బయటపడుతుంది. మయన్మార్‌లో రోహింగ్యా ముస్లింల మీద ద్వేషం ఫేస్‌బుక్‌లో పొంగుతున్న 2015 మొదట్లో, ఆ పోస్టులను చూడటానికి కంపెనీలో బర్మీస్ వచ్చినవాళ్లు ఇద్దరే ఉన్నారని రాయిటర్స్ తర్వాత బయటపెట్టింది. 2017లో ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు దేశం వదిలి పారిపోయారు. తాము చేయాల్సినంత చేయలేదని కంపెనీ 2018 నవంబర్‌లో ఒప్పుకుంది.

తెలుగు మాట్లాడేవాళ్లు 2011 జనగణన ప్రకారం 8 కోట్లకు పైనే. మనవాళ్లు ఫేస్‌బుక్‌లో రాసే తెలుగులో చాలా భాగం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. తిట్టు తిట్టులా ఉండదు. ఒక కులం పేరు చివర ఓ అక్షరం సాగదీస్తేనే అవమానం. ‘పేటీఎం బ్యాచ్’ అంటే డబ్బులు పంపే యాప్ అనుకునే యంత్రానికి అది రాజకీయ దూషణ అని ఎలా తెలుస్తుంది? మరోవైపు ‘చంపేశావ్ పో’ అన్న మెచ్చుకోలును బెదిరింపుగా పట్టుకున్నా ఆశ్చర్యం లేదు. యూరప్ చట్టం ప్రకారం పెద్ద వేదికలన్నీ తమ దగ్గర ఏ భాషకు ఎంతమంది మోడరేటర్లు ఉన్నారో భాషల వారీగా ప్రకటించాలి. పదకొండు లక్షల మంది మాట్లాడే ఎస్టోనియన్‌కు కూడా ఆ లెక్క బయటికి వస్తుంది. మన 2021 నిబంధనలు నెలవారీ నివేదికలు అడుగుతాయి, భాషల వారీ లెక్క మాత్రం అడగవు. ఏ పోస్టు తీయాలన్నదాని మీద ప్రభుత్వానికి ఉన్న పట్టుదలలో పదోవంతు ఈ లెక్క అడగడంలో ఉన్నా చాలా తేడా వచ్చేది.

అమెరికా, యూరప్ వెళ్లిన దారులు

అమెరికాలో 1996 నాటి 230 సెక్షన్ వేదికలకు రెండు వైపులా రక్షణ ఇచ్చింది. ఉంచినందుకూ కేసు లేదు, తీసినందుకూ లేదు. రాజకీయ పోస్టులు తీయకూడదంటూ టెక్సాస్, ఫ్లోరిడా 2021లో చట్టాలు చేస్తే, ఏది చూపాలో ఎంచుకోవడం కూడా భావప్రకటనే అని 2024 జులైలో అక్కడి సుప్రీంకోర్టు వ్యాఖ్యానించి కేసులను కింది కోర్టులకు తిప్పి పంపింది. అక్కడ ప్రభుత్వం చేతులు కట్టేసి ఉన్నాయి, కంపెనీ చేతులకు దాదాపు ఏ కట్టూ లేదు. 

జర్మనీ ముందు మనలాగే గడియారం దారి పట్టింది. 2018 నుంచి పూర్తిగా అమలైన చట్టం ప్రకారం స్పష్టంగా చట్టవిరుద్ధమైన పోస్టును 24 గంటల్లో తీయాలి. లేదంటే 5 కోట్ల యూరోల వరకు జరిమానా. కంపెనీలు భయంతో ఎక్కువే తీసేస్తాయన్న విమర్శ అప్పుడే వచ్చింది. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ డిజిటల్ సర్వీసెస్ చట్టం దారి మార్చింది. నెలకు 4.5 కోట్లకు మించి యూజర్లున్న వేదికలు తమ అల్గారిథమ్ వల్ల వచ్చే ముప్పును ఏటా అంచనా వేసుకోవాలి, బయటి ఆడిట్ చేయించుకోవాలి, పరిశోధకులకు డేటా ఇవ్వాలి. పోస్టు తీస్తే యూజర్‌కు కారణం రాసి చెప్పాలి, కోర్టు బయట అప్పీలు దారి ఉండాలి. తప్పితే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 6 శాతం వరకు జరిమానా. 2025 డిసెంబర్ 5న ఎక్స్‌కు వేసిన 12 కోట్ల యూరోల జరిమానా ఏ ఒక్క పోస్టు కోసమూ కాదు. డబ్బు కడితే వచ్చే నీలి టిక్కు జనాన్ని తప్పుదోవ పట్టిస్తోందని, ప్రకటనల వివరాలు, పరిశోధకుల డేటా ఇవ్వలేదని. అంటే వాళ్లు పట్టుకున్నది మాటను కాదు, టముకును.

యూరప్ పద్ధతిలోనూ లోపముంది. అతి పెద్ద వేదికల మీద తనిఖీ చేసేది యూరోపియన్ కమిషన్, అంటే అదీ ప్రభుత్వ యంత్రాంగమే. పైగా అమెరికా దీన్ని తమ కంపెనీల మీద సెన్సార్‌షిప్‌గా చూస్తోంది. ఈ చట్టం వెనకున్న మాజీ కమిషనర్ థియెరీ బ్రెటన్‌పై 2025 డిసెంబర్‌లో వీసా ఆంక్ష కూడా పెట్టింది.

గద్వాలలో డప్పు, వాట్సాప్‌లో ఐదు

మాట ముట్టుకోకుండా హాని తగ్గించడం కుదురుతుందా అన్నదానికి దూరం వెళ్లక్కర్లేదు. 2018 వేసవిలో పార్థీ గ్యాంగ్ దిగిందని, పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. తెలంగాణలోనూ అమాయకులు మూకదాడుల్లో చనిపోయారు. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి అప్పుడు కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపారు. జానపద కళాకారులతో డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఆ వీడియోలు అబద్ధమని చాటింపు వేయించారు. వాట్సాప్ టముకుకు అసలు టముకుతో జవాబు చెప్పారన్నమాట.

అదే జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి ఐదు చాట్లకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్‌లో చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్కరికే పంపేలా మార్చింది. అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పుకుంది. లెక్క కంపెనీదే కాబట్టి కొంత తగ్గించి చూసుకోవచ్చు. అయినా ఇక్కడ ఎవరి మెసేజ్‌నూ ఎవరూ చదవలేదు, తీయలేదు, ఎవరినీ అరెస్టు చేయలేదు. వేగం తగ్గిందంతే. దీనికి భిన్నంగా 2021 నిబంధనలు ‘మొదట పంపినవాడెవరో చెప్పు’ అన్నాయి. అలా చెప్పాలంటే ఎన్‌క్రిప్షన్‌ను, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేని రక్షణను, బద్దలు కొట్టాల్సి వస్తుందని అభ్యంతరం చెబుతూ వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. వేగం దగ్గర పని జరిగింది, మనిషి దగ్గర కేసు నడుస్తోంది.

ఏ పని ఎవరికి

ఈ అనుభవాలన్నీ పక్కపక్కన పెడితే పని పంచుకునే తీరు కొంత కనబడుతుంది. మాట నేరమా కాదా అన్నది వాదన ఉన్న ప్రతిచోటా కోర్టు తేల్చాల్సిందే, ముఖ్యంగా ఫిర్యాదీ ప్రభుత్వమో నాయకుడో అయినప్పుడు. అనుమతి లేని నగ్నచిత్రాలు, పిల్లల మీద లైంగిక హింస లాంటివి వాదన లేనివి. వాటికి గంటల గడువు సరైనదే. ఇక టముకు సంగతి, అంటే అల్గారిథమ్, ఫార్వర్డ్ హద్దులు, ప్రకటనలు, మోడరేటర్ల సంఖ్య, వీటిని కంపెనీలు నడిపినా లెక్క అడగడానికి ఒక సంస్థ ఉండాలి. మంత్రి మాట మీద నడవని సంస్థ. స్టాక్ మార్కెట్లను చూసే సెబీ లాంటి చట్టబద్ధ నియంత్రణ సంస్థలు మన దేశానికి కొత్త కాదు. సోషల్ మీడియాకు అలాంటిది లేదు. ఉన్నది ఐటీ మంత్రిత్వ శాఖ.

ఇప్పటికిప్పుడు పోస్టు పోగొట్టుకున్న మామూలు యూజర్‌కు ఏం దారి ఉంది? కంపెనీయే తీసేస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు చేయాలి. అక్కడ కుదరకపోతే 2023లో కేంద్రం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళ్లొచ్చు. ముగ్గురు సభ్యుల కమిటీ, 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. ప్రభుత్వ ఆదేశం మీద తీసేస్తే ఆ కమిటీ దారి పనికిరాదు. హైకోర్టులో రిట్ వేయడమే. రిట్‌కు జత చేయాల్సిన మొదటి కాగితం ఆ ఆదేశం ప్రతి. అది 69ఏ ఆదేశం అయితే 16వ నిబంధన ప్రకారం గోప్యం.